పాఠం కోసం జిరాక్స్ తీస్తే తప్పా?

మొన్న జనవరిలో మన ట్యూషన్ కేంద్రంలోని పదో తరగతి పిల్లల కోసం కొన్ని కాగితాలు జిరాక్స్ తీయించడానికి బస్టాండు దగ్గరి షాపుకు వెళ్లాను. అక్కడ పనిచేసే అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. నా చేతిలోని పుస్తకం చూసి గోడమీద అంటించిన కాగితం చూపించాడు. "పూర్తి పుస్తకాలు జిరాక్స్ తీయబడవు" అని ఉంది. "మేడమ్, మీరు టీచరు కాబట్టి తీసినా ఏం కాదంటారు గానీ మా ఓనర్ భయపడుతున్నాడు. నిజంగా తీయొచ్చా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్నాను. బి.ఎడ్.లో బోధనోపకరణాల గురించి పేజీలకు పేజీలు రాశాను. ఆ ఉపకరణాలు ఎవరి సొత్తో, ఎంతవరకు వాడుకోవచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు ఆ అబ్బాయికి సరైన జవాబు ఇవ్వలేక ఇంటికొచ్చి చట్టం చదవడం మొదలుపెట్టాను. నేను లాయరును కాను. అయినా ఈ చట్టం టీచరుకు అర్థం కానంత కష్టమేమీ కాదు. మన సంస్థ పిల్లల కోసం స్టడీ మెటీరియల్ అచ్చు వేయాలని అనుకుంటున్న సమయంలోనే ఇదంతా జరిగింది కనుక తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం రచన రచయిత బతికి ఉన్నంతకాలం, ఆయన పోయాక మరో 60 ఏళ్లు రక్షణలో ఉంటుంది. ఆ 60 ఏళ్లను ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్కిస్తారు. ఈ గడువులో ఆ రచనను అచ్చు వేసుకోవడం, కాపీ తీయడం, అనువదించడం, జనానికి అందించడం వంటి హక్కులన్నీ రచయితవి, లేదా ఆయన రాసిచ్చిన ప్రచురణకర్తవి. ఇది సాధారణ నియమం. దీనికి మినహాయింపులన్నీ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. అది 52వ సెక్షన్. టీచర్లు గుర్తుపెట్టుకోవలసిన నంబరు ఇదొక్కటే.

ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది 'ఫెయిర్ యూజ్' అనే మాట. వాడే ఉద్దేశం ఏమిటి, రచన ఎలాంటిది, ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల అమ్మకాలు ఎంత దెబ్బతింటాయి అనే నాలుగు ప్రశ్నలు కనిపిస్తాయి. అవి మంచి ప్రశ్నలే. కానీ అవి అమెరికా చట్టంలోవి. 'పది శాతం దాకా తీసుకోవచ్చు' అని మన టీచర్లు చెప్పుకునే లెక్క కూడా మన చట్టంలో ఎక్కడా లేదు. మన చట్టం దారి వేరు. ఫలానా పని, ఫలానా పని అని వరుసగా చెప్పి, ఇవి ఉల్లంఘన కావు అంటుంది. మనం చేసే పని ఆ జాబితాలో ఉందా లేదా అన్నది చూసుకోవాలి.

ఆ జాబితాలో బోధనకు సంబంధించిన క్లాజు చాలా చిన్నది. బోధన క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా ప్రతి తీసుకోవచ్చు. పరీక్ష ప్రశ్నల్లో భాగంగా ఇవ్వవచ్చు, జవాబుల్లో రాయవచ్చు. అంతే. ఇన్ని పేజీలు అని గానీ, ఇంతమంది పిల్లలకు అని గానీ లేదు. గుర్తింపు పొందిన పాఠశాల అయి ఉండాలన్న మాట కూడా ఆ క్లాజులో కనిపించదు. టీచరు, విద్యార్థి, బోధన అన్న మూడింటి మీదే అది నిలబడి ఉంది.

ఇంత చిన్న వాక్యానికి అర్థమేమిటో తేల్చడానికి ఢిల్లీలో ఐదేళ్లు పట్టింది. ఆ కథ ప్రతి టీచరూ తెలుసుకోవలసినది.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అనే చిన్న జిరాక్స్ షాపు ఉంది. విశ్వవిద్యాలయమే దానికి లైసెన్సు ఇచ్చింది. పేజీకి 40 పైసలు రేటు. సిలబస్‌లో అధ్యాపకులు సూచించిన పుస్తకాల్లోంచి ఒక్కోదాని నుంచి ఒక అధ్యాయమో, కొన్ని పేజీలో తీసి, అన్నీ కలిపి కుట్టి విద్యార్థులకు ఇచ్చేవారు. వీటిని కోర్సు ప్యాక్‌లు అంటారు. ఆ పుస్తకాల్లో చాలావాటి ధర వేలల్లో ఉంటుంది. ఒక్కో పేపరుకు అలాంటివి చాలా చదవాలి.

2012లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు షాపు మీదా, విశ్వవిద్యాలయం మీదా ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కోర్సు ప్యాక్‌ల అమ్మకం ఆగిపోయింది. విద్యార్థులు ఊరుకోలేదు. సంఘం పెట్టుకుని తామూ కేసులో చేరారు. ఆ ప్యాక్‌లలోని వ్యాసాలు రాసిన పండితుల్లో కొందరే, మా రచనలు పిల్లలు చదవడానికి మాకు అభ్యంతరం లేదన్నారు. అమర్త్యసేన్ కూడా ఈ కేసును ముందుకు తీసుకెళ్లవద్దని ప్రచురణకర్తలను కోరారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. తాను అదే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన రోజుల్లో విద్యార్థులు లైబ్రరీలో కూర్చుని పేజీలు చేత్తో రాసుకునేవారని తీర్పులో గుర్తుచేసుకున్నారు. చేత్తో రాసుకుంటే తప్పు కానిది యంత్రంతో తీసుకుంటే ఎలా తప్పవుతుందన్నది ఆయన వాదంలో ఒక ముఖ్యమైన మెట్టు. నేను కూడా బి.ఎడ్. చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీలో మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకం సగం చేత్తో ఎత్తి రాసుకున్నాను. ఆ మాట చదువుతుంటే వేళ్ల నొప్పి గుర్తొచ్చింది.

ప్రచురణకర్తలు అప్పీలు చేశారు. 2016 డిసెంబరు 9న జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్, జస్టిస్ యోగేశ్ ఖన్నాల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మనకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

బోధన క్రమం అంటే తరగతి గదిలో టీచరు మాట్లాడే నలభై ఐదు నిమిషాలు మాత్రమేనని ప్రచురణకర్తలు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. పాఠానికి ముందు చదువుకు రమ్మని ఇచ్చేదీ, పాఠం తర్వాత మళ్లీ చూసుకోవడానికి ఇచ్చేదీ అంతా బోధనే. టీచరు, విద్యార్థి అని ఏకవచనంలో ఉన్నంతమాత్రాన ఒక్కరికే అని కాదు, తరగతి మొత్తానికీ వర్తిస్తుంది. కాపీ తీసింది విద్యార్థా, షాపువాడా అన్నది కూడా ముఖ్యం కాదు. విద్యార్థి చేసుకోగల పనిని షాపు చేసిపెట్టింది, అంతే. తరగతిలోని పిల్లలకు ఇచ్చిన ప్రతులు లోకమంతటికీ ప్రచురించినట్టు కాదు.

మరి ఎంతవరకు? ధర్మాసనం పేజీల లెక్క చెప్పలేదు, శాతం చెప్పలేదు. బోధన అనే ప్రయోజనానికి ఎంత అవసరమో అంత అన్నది. కొలబద్ద అవసరమే. అయితే ఆ కోర్సు ప్యాక్‌లలో చేర్చినదంతా నిజంగా బోధనకు అవసరమైనదేనా, మొత్తం పుస్తకాలను కాపీ చేయడం ఈ క్లాజు కిందికి వస్తుందా అన్న విషయాలను సాక్ష్యాలు చూసి తేల్చాలని కేసును కింది విచారణకు పంపింది. షాపును మాత్రం ఆపలేదు, ఏ ప్యాక్‌లు ఇచ్చారో లెక్క రాసిపెట్టి ఆరు నెలలకోసారి కోర్టుకు చూపమంది. ఆ విచారణ జరగలేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా ఉపసంహరించుకున్నారు. కాపీయింగు లైసెన్సులు ఇచ్చే సంస్థ ఒకటి సుప్రీంకోర్టుకు వెళితే అదే ఏడాది మే నెలలో కోర్టు ఆ పిటిషన్ తోసిపుచ్చింది.

జిరాక్స్ షాపు అబ్బాయికి ఇప్పుడు సగం జవాబు చెప్పగలను. రేపటి పాఠానికి రెండు పటాలు, ఒక అధ్యాయం, ఒక పద్యం, పాత పత్రికలోంచి ఒక వ్యాసం కావాలంటే నిర్భయంగా తీయవచ్చు. పూర్తి పుస్తకం తీయడం అలా కాదు. కోర్టే తేల్చకుండా వదిలిన చోట అతని ఓనరు భయపడ్డాడంటే తప్పు పట్టలేను.

ఈ పూర్తి పుస్తకం విషయంలో నేను చేసిన పని ఒకటి చెప్పాలి. మూడేళ్ల క్రితం మన కేంద్రంలో పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం వర్క్‌బుక్ ఒకటి కావలసి వచ్చింది. పక్క ఊళ్లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన తన సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకం. 112 పేజీలు, ధర 90 రూపాయలు. జిరాక్స్ పేజీకి 60 పైసల చొప్పున తీస్తే ప్రతి 67 రూపాయలకు వచ్చింది. 38 మందికి తీయించాను. కాగితం కలిసొస్తుందని అట్టా, లోపలి పేరు పేజీ వదిలేశాను. సంస్థ డబ్బు ఆదా చేశానని కమిటీలో చెప్పుకున్నాను కూడా.

ఆ ఏడాది బహుమతుల సభకు మనవాళ్లు ఆయననే అతిథిగా పిలిచారు. ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి ఒళ్లో ఆ జిరాక్స్ కట్ట ఉంది. ఆయన చేతిలోకి తీసుకుని రెండు మూడు పేజీలు తిప్పారు. "అర్థమవుతోందా అమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగారు. అవుతోంది తాతా అంది. వెళ్లేటప్పుడు నాతో, "నన్ను అడిగితే తక్కువకే ఇచ్చేవాణ్ణి కదమ్మా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి లెక్క వేసుకుంటే నేను మిగిల్చింది 874 రూపాయలు.

చట్టం దృష్టిలో నేను ఎక్కడ నిలబడతానో వాదించుకోవచ్చు. నేను టీచరును, వాళ్లు నా విద్యార్థులు, చెప్పింది పాఠమే. కానీ అవసరమా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మేం ఆ ఏడాది సగం అభ్యాసాలు కూడా చేయించలేదు. పుస్తకం వేలల్లో దొరికే విదేశీ పుస్తకం కాదు, గంట ప్రయాణం దూరంలో 90 రూపాయలకు దొరికేది. పేరు పేజీ తీసేయడం మరీ తప్పు. ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ విడిగా ఇచ్చింది. ఒక మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో సనదుతో సహా చెప్పుకునే సంప్రదాయం మనది. అలాంటిది ఒక పెద్దాయన పుస్తకాన్ని పేరు లేకుండా పంచాను. రచయిత హక్కు ధార్మికంగా చెల్లుతుందా అని సందేహపడేవారు మనలో ఉన్నారు. 1988 డిసెంబరులో కువైత్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ గ్రంథకర్త హక్కు షరీఅత్ ప్రకారం రక్షణ గలదేనని, దాన్ని అతిక్రమించరాదని తీర్మానించింది.

ఇక స్టడీ మెటీరియల్ సంగతి. కమిటీలో వచ్చిన ఆలోచన ఇది: మార్కెట్లోని మంచి గైడ్లలోంచి ముఖ్యమైన ప్రశ్నలు, జవాబులు, కవి పరిచయాలు ఏరి, 64 పేజీల పుస్తకంగా వేయాలి. మన పిల్లలకు ఉచితంగా, బయటివాళ్లకు 60 రూపాయలకు. వచ్చిన డబ్బు స్కాలర్‌షిప్పులకు. "ఆపా, ఇది సేవా కార్యక్రమం. మనకెవరు అడ్డు చెబుతారు?" అన్నారు ఒక సభ్యులు.

మంచి ఉద్దేశమే. కానీ ఇక్కడ మనం టీచరు క్లాజు దాటి ప్రచురణలోకి అడుగుపెడుతున్నాం. అచ్చు వేసి బయట ఎవరికైనా అమ్మేది తరగతిలో పంచిన కాగితం కాదు. సంకలనాలకు చట్టంలో వేరే క్లాజు ఉంది, అది చాలా ఇరుకైనది. పుస్తకంలో ఎక్కువ భాగం కాపీరైట్ లేనిదై ఉండాలి. బోధన కోసమేనని పేరులోనూ, ప్రకటనల్లోనూ చెప్పాలి. తీసుకునేవి చిన్న భాగాలే కావాలి. ఒకే రచయిత నుంచి ఒకే ప్రచురణకర్త ఐదేళ్లలో రెండు భాగాలకు మించి తీసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, ఆ భాగాలు బోధన కోసమే ప్రచురించిన పుస్తకాల్లోంచి కాకూడదు. గైడ్లూ, వర్క్‌బుక్కులూ వేసేదే బోధన కోసం. అంటే మనం ఏరదలచుకున్నవే ఈ క్లాజు వద్దన్నవి. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని 63వ సెక్షన్ చెబుతోంది. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. సేవాసంస్థ అన్న మాటకు దొరికే వెసులుబాటు అక్కడే, అంతే. నేరం కాకుండా పోదు.

ఫోన్ల విషయం కూడా అడుగుతున్నారు. మన తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో నాలుగు పేజీల ఫొటోలు పెట్టడం జిరాక్స్ ఇవ్వడం లాంటిదే అని నా అభిప్రాయం. అదే పూర్తి పుస్తకం పీడీఎఫ్‌ను ఎవరైనా చేరగల టెలిగ్రామ్ చానెల్‌లో పెడితే అది పాఠం కాదు, పంపిణీ. పాఠాన్ని యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు కూడా పుస్తకం పేజీలు వరుసగా చూపించకుండా తమ మాటల్లో చెప్పుకోవడం మేలు. టీచరు క్లాజు ప్రతి తీయడం గురించే మాట్లాడుతుంది, లోకానికి ప్రసారం గురించి కాదు.

వార్షికోత్సవంలో పిల్లలు వేసే నాటికలకు వేరే మినహాయింపు ఉంది. సిబ్బంది, విద్యార్థులు ప్రదర్శిస్తే, చూసేవారు వాళ్లూ, తల్లిదండ్రులూ, విద్యాసంస్థతో సంబంధం ఉన్నవారే అయితే అనుమతి అక్కరలేదు. టికెట్లు పెట్టి ఊరందరినీ పిలిస్తే ఈ మినహాయింపు వర్తించదు.

చాలామందికి తెలియని మంచి సంగతి ఇంకొకటి. చూపు తక్కువున్న పిల్లల కోసం పుస్తకాన్ని పెద్ద అక్షరాల్లో వేసినా, చదివి రికార్డు చేసినా, బ్రెయిలీలోకి మార్చినా 2012 సవరణ తర్వాత తప్పు కాదు. పూర్తి పుస్తకమైనా సరే. లాభం తీసుకోకూడదు, తయారీ ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. మన కేంద్రంలో అలాంటి అబ్బాయి ఒకడున్నాడు. ఇన్నాళ్లూ వాడి కోసం పెద్దగా తీయించడానికి నేనే వెనకాడాను.

అసలు కాపీరైట్ గడువు తీరినవే బోలెడు ఉన్నాయి. వేమన, పోతన సంగతి చెప్పనక్కరలేదు. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలన్నీ అందరివీ. పిఠాపురం వారైన మన ఉమర్ ఆలీషా కవి 1945లో కన్నుమూశారు, 2005తో గడువు ముగిసింది. ఇక్బాల్ 1938లో మరణించారు, ఆయన కవితలూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ ఇక్బాల్‌ను ఈమధ్య ఎవరైనా తెలుగులోకి తెస్తే ఆ అనువాదం ఆ అనువాదకుడి సొత్తు. దివ్యఖుర్ఆన్ తెలుగు అనువాదాలకూ ఇదే లెక్క. మూలం ఎవరి ఆస్తీ కాదు, అనువాదకుడి వాక్యాలు మాత్రం అతని కష్టం. జాషువా 1971లో పోయారు కనుక 2031 చివరిదాకా, శ్రీశ్రీ 1983లో పోయారు కనుక 2043 చివరిదాకా రక్షణ ఉంటుంది. తరగతిలో వాళ్ల కవితలు పాఠంగా చెప్పడానికి ఇది అడ్డు కాదు. పుస్తకంగా వేసేటప్పుడే అడగాలి.

ఇదంతా కాగితం మీద రాసుకుని కమిటీ ముందు పెట్టాను. గంటన్నర చర్చ జరిగింది. గైడ్ల నుంచి ఏరడం మానేశాం. నలుగురు టీచర్లం కూర్చుని ప్రశ్నలు మేమే తయారుచేశాం. రెండు నెలలు పట్టింది, ఆదివారాలు పోయాయి. పాఠ్యభాగాలకు గురజాడనూ, ఉమర్ ఆలీషానూ తీసుకున్నాం. ఇప్పటి రచయితలు ఇద్దరికి అనుమతి కోరుతూ ఉత్తరాలు రాశాం. ఒకరు సంతోషంగా ఒప్పుకుంటూ వాట్సాప్‌లో జవాబిచ్చారు, దాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టాం. రెండోవారి నుంచి ఏ కబురూ రాలేదు. ఆ కథ వదిలేసి ఆ పేజీలో పిల్లలు నింపే ఖాళీలు పెట్టాం.

వ్యాకరణం వర్క్‌బుక్ కోసం పెద్దాయనకు ఫోన్ చేశాను. ఒక్కోటి 65 రూపాయలకు 40 ప్రతులు ఇచ్చారు. జిరాక్స్ రేటు కన్నా రెండు రూపాయలు తక్కువ.